మీకు తెలుసా? లేని దేశాలకూ గెజిటీర్లున్నాయి

కల్పిత లోకంలో నడిచే ఆటకు కథ ఒక ఎత్తు, ఆ లోకంలోని సీమల వివరాలు అడగ్గానే దొరకడం మరో ఎత్తు. 1974లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటే ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు అందులో పాత్రలవుతారు. నడిపే మనిషిని గేమ్ మాస్టర్ అంటారు. ఆట మంచి పట్టులో ఉండగా ఎవరో అడుగుతారు: ఈ రేవులో సుంకం ఎవరు వసూలు చేస్తారు? ఆ కొండల అవతల ఎవరి ఏలుబడి? జవాబు ఏదో పుస్తకంలో ఉండే ఉంటుంది. ఏ పుస్తకం, ఎన్నో పేజీ? వెతికేలోపు ఆట చల్లబడిపోతుంది. ఆ వెతుకులాట తప్పించడానికి రచయితలు, మ్యాపులు గీసేవాళ్ళు, అభిమానులు ఈ యాభై ఏళ్ళలో ఎన్ని దారులు తొక్కారో తెలుసుకుంటే, ఇది ఆటలకు మాత్రమే సంబంధించిన సంగతి కాదనిపిస్తుంది.

ఊరికి ఒకే వరుస

1977లో జడ్జెస్ గిల్డ్ అనే అమెరికన్ సంస్థ ‘వైల్డర్‌లాండ్స్ ఆఫ్ హై ఫాంటసీ’ అచ్చువేసింది. అందులోని మ్యాపుల మీద నేలంతా తేనెపట్టులా ఆరు పలకల గదులుగా విడగొట్టి ఉంటుంది. గది అడ్డకొలత 5 మైళ్ళు. ప్రతి గదికీ ఒక నాలుగంకెల సంఖ్య. పుస్తకంలో ఆ సంఖ్యల ప్రకారం ఊళ్ళ పట్టిక ఉంటుంది: పేరు, జనం ఎంతమంది, ఏ జాతివాళ్ళు, ఏలేది ఎవరు, అక్కడ ముఖ్యంగా దొరికేది ఏమిటి. ఊరికి ఒక్కటే వరుస. అంతకుమించి రాయలేదు.

చదవడానికి ఇందులో రుచి లేదన్న మాట నిజమే. కానీ ఆడేవాళ్ళు అనుకోకుండా దారి మళ్ళి ఒక పల్లెలో అడుగుపెడితే, గేమ్ మాస్టర్‌కు కావలసింది ఆ ఒక్క వరుసే. పల్లె మీద పది పేజీల వ్యాసం ఆ క్షణంలో అడ్డమే అవుతుంది.

ఫాంటసీ కాకపోయినా, అదే ఏడాది వచ్చిన ‘ట్రావెలర్’ అనే అంతరిక్ష ఆట ఈ పొదుపును ఇంకా ముందుకు తీసుకెళ్ళింది. ఒక గ్రహం మొత్తాన్ని కొన్ని అక్షరాలు, అంకెలతో చెప్పేస్తుంది. నౌకలు దిగే రేవు ఎంత మంచిది, గ్రహం సైజు, గాలి, నీరు, జనాభా, ప్రభుత్వం, చట్టాల కట్టుదిట్టం, సాంకేతికత — ఒక్కోదానికి ఒక్కో గుర్తు. జనాభా దగ్గర 8 అని ఉంటే ఒకటి పక్కన ఎనిమిది సున్నాలని అర్థం, అంటే 10 కోట్ల స్థాయి. అలవాటైన కన్ను ఆ గుర్తుల వరుసను చూసి, అక్కడ దిగాలా వద్దా అని నిర్ణయించుకోగలదు.

గడులు అచ్చయింది 1980లో

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ తన లోకం ‘గ్రేహాక్’ మీద 1980లో తెచ్చిన పుస్తకంలో ప్రతి రాజ్యానికీ ఒకే వరుసలో ఒకే గడులు కనిపిస్తాయి: పాలకుడు, జనాభా, మనుషులు కాని జాతులు, వనరులు. ఆ తర్వాతే వర్ణన. ఇవాళ ఏ వికీ తెరిచినా కుడిపక్కన కనిపించే వివరాల పెట్టెకు ఇది అచ్చులో తాత వరస. పుస్తకంతోపాటు డార్లీన్ అనే చిత్రకారిణి గీసిన పెద్ద రంగుల మ్యాపు రెండు ముక్కలుగా వచ్చింది. అందులో ఒక్కో గది 30 మైళ్ళు. ఆటల మ్యాపుల్లో ఇప్పటికీ దానికి సాటి తక్కువ.

ఇంకో చిత్రమేమిటంటే, ఆ పుస్తకం తనను తాను గైగాక్స్ రచనగా చెప్పుకోదు. ఆ లోకంలోనే ఉన్న విశ్వవిద్యాలయ పండితుడు ప్లఫెట్ స్మెడ్జర్ కూర్చిన గ్రంథంగా చెప్పుకుంటుంది. చెప్పేవాడికీ ఒక పేరు, ఒక ఊరు పెట్టారన్నమాట. దీని విలువ కాసేపట్లో తెలుస్తుంది.

మ్యాపుకు తోడుగా పుస్తకం: ఈ పని మనవాళ్ళకు పాతదే

సీమల వివరాలు ఒక పద్ధతిలో పేర్చడం ఆటలు కనిపెట్టిన విద్య కాదు. ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కర్నల్ మెకంజీ కొలువులో కావలి సోదరులు, వారి తోటివారు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయత్తుల్లో ఊరి పుట్టుపూర్వోత్తరాలు, ఏలినవాళ్ళు, గుళ్ళు, మాన్యాలు, ఎల్లలు కనిపిస్తాయి. ఆ సోదరుల్లో ఒకరైన కావలి వెంకట రామస్వామి 1828లో కలకత్తాలో దక్కన్ నగరాలు, స్థలాల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వెలువరించారు. పురాతన దక్కన్ మ్యాపుకు తోడుగా చూసుకునే పుస్తకమని దాని పేరులోనే రాసుకున్నారు. మ్యాపు ఒకటి, దాని మీది పేర్లకు వివరణ ఒకటి, రెండూ కలిపి చదువుకోవాలి. ఆటల పెట్టెల్లోకి ఆ ఏర్పాటు నూటయాభై ఏళ్ళ తర్వాత చేరింది.

1987లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లోని ‘మిస్టారా’ లోకానికి దేశానికొకటిగా పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు వాటికి, సీమల వివరాలు పేర్చిన పాత పుస్తకాల పేరే, గెజిటీర్లని పెట్టారు. మొదటిది ఆరన్ ఆల్‌స్టన్ రాసిన ‘కరామైకోస్’. 1991 వరకూ ఆ వరుస నడిచింది.

లైబ్రరీ మనిషి కట్టిన లోకం

‘ఫర్గాటెన్ రెల్మ్స్’ అనే ఆట లోకపు సృష్టికర్త ఎడ్ గ్రీన్‌వుడ్ కెనడావాసి, ఒంటారియో ప్రజా గ్రంథాలయాల్లో పనిచేశారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టకముందే, చిన్నప్పుడే ఆ లోకం గురించి కథలు రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ ఆట ప్రచురణ సంస్థ ఆ లోకాన్ని కొనుక్కున్నాక ఆయన రాసుకున్న కాగితాలు కట్టలు కట్టలుగా అమెరికాకు చేరాయి. వాటిని జెఫ్ గ్రబ్ తదితరులు కూర్చగా 1987లో బూడిదరంగు పెట్టె వెలువడింది.

ఆ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చేవి రెండు. ఒకటి, పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితాలు. మ్యాపు మీద గదులు అచ్చువేయకుండా, గదులను విడిగా ఆ కాగితాల మీద వేసి ఇచ్చారు. దూరం కొలవాలంటే పైన పరుచుకోండి, వద్దంటే తీసేయండి. నేల వేరు, కొలత వేరు అని ఎంత శుభ్రంగా విడదీశారో! కంప్యూటర్ మ్యాపుల్లో పొరలు పొరలుగా వివరాలు పేర్చడం ఇప్పుడు మామూలు. అట్టపెట్టెలో ఆ పని ఒక ప్లాస్టిక్ ముక్క చేసింది.

రెండోది ఇంకా గొప్పది. అకారాది క్రమంలో సీమలను వివరించే పుస్తకంలో ఒక్కో అంశానికి మూడు అరలు. మొదటి అరలో పైచూపుకు కనిపించేది. రెండో అరలో ఎల్మిన్‌స్టర్ అనే ముసలి మాంత్రికుడు చెప్పేది. మూడో అరలో గేమ్ మాస్టర్‌కు మాత్రమే కావలసిన ఆట వివరాలు. బాటసారికి తెలిసేదొకటి, పండితుడికి తెలిసేది మరొకటి, ఆట నడిపేవాడికి తెలియాల్సింది ఇంకొకటి. ఈ మూడూ ఒకే పేరాలో కలగలిసిపోతే గేమ్ మాస్టర్ చదివి వినిపిస్తూ వినిపిస్తూ రహస్యం బయటపెట్టేస్తాడు. అరలుంటే ఆ భయం లేదు. సీమల సమాచారం పేర్చడం గురించి ఎవరైనా నన్ను ఒక్క సంగతి అడిగితే, ఈ మూడు అరలనే చూపిస్తాను.

గైడు రాసినవాడు అబద్ధాలకోరైతే?

1992లో వచ్చిన ‘వోలోస్ గైడ్ టు వాటర్‌డీప్’ ఫర్గాటెన్ రెల్మ్స్‌లో తిరిగే యాత్రికుడు వోలో రాసినట్టు ఉంటుంది. పూటకూళ్ళ ఇళ్ళకు, సారా అంగళ్ళకు మార్కులు వేస్తాడు. ఖరీదు నాణేల గుర్తులతో, ప్రమాదం బాకుల గుర్తులతో చూపిస్తాడు. మనిషి వదరుబోతు, విన్నదాన్ని పెంచి చెబుతాడు. అందుకే ఎల్మిన్‌స్టర్ అక్కడక్కడా అడ్డుపడి, ఇది తప్పు, అది అతిశయోక్తి అని సరిదిద్దుతుంటాడు. ఇద్దరి మాటల మధ్య నిజమెక్కడుందో గేమ్ మాస్టరే తేల్చుకోవాలి. తప్పుడు సమాచారాన్ని కూడా ఆటకు పనికొచ్చేలా మలిచిన పద్ధతి ఇది.

కంప్యూటర్ ఆటల్లో దీనికి తోబుట్టువు ‘ఎల్డర్ స్క్రోల్స్’ వరుసలోని చిన్న పుస్తకం. 1998లో ‘రెడ్‌గార్డ్’ ఆటతోపాటు పెట్టెలో ‘పాకెట్ గైడ్ టు ది ఎంపైర్’ ఇచ్చారు. టామ్రియెల్ ఖండంలోని సీమలన్నిటినీ సామ్రాజ్యం తన కళ్ళతో చూసి రాయించుకున్న పుస్తకమది. గెలిచినవాళ్ళ పొగడ్త, ఓడినవాళ్ళ మీద చిన్నచూపు అందులో దాగవు. సిరోడిల్ సీమ చాలావరకు దట్టమైన ఉష్ణమండలపు అడవి అని అందులో ఉంది. 2006లో అదే వరుసలో ‘ఆబ్లివియన్’ ఆట వచ్చేసరికి అదే సిరోడిల్ చల్లని పచ్చిక మైదానాలతో, మామూలు అడవులతో కనిపించింది. అభిమానులు గొడవకు దిగారు. అడవిని ఒక దేవుడు మార్చేశాడన్న కథ తర్వాత ఆటల లోపలే వచ్చింది. ఎవరు రాశారో ముందే తెలిసిన పుస్తకం కాబట్టి, లోకం పగిలిపోకుండా ఆ వైరుధ్యం ఇమిడిపోయింది. అదే వాక్యం ఏ పేరూ లేకుండా, సృష్టికర్తల నోటి మాటగా ఉండి ఉంటే ఒకటి కొట్టేసి ఒకటి ఉంచాల్సివచ్చేది.

1995లో అభిమానులు మొదలుపెట్టిన ‘అనఫిషియల్ ఎల్డర్ స్క్రోల్స్ పేజెస్’ అనే వెబ్‌సైట్ ఎవరికి ఏది కావాలన్న చిక్కును చక్కగా సర్దింది. ఒకే నగరానికి ఒకటి కాదు, పలు పేజీలు. అదే వరుసలోని ‘స్కైరిమ్’ ఆటలో వైట్‌రన్ నగరంలో ఏ అంగడి ఎక్కడ, ఎవరు ఏ పని అప్పగిస్తారు అన్నది ఒక పేజీ. వైట్‌రన్ చరిత్ర, అన్ని ఆటలూ పుస్తకాలూ కలిపి దాని గురించి చెప్పేది వేరే విభాగంలో వేరే పేజీ. ఆడుతూ మధ్యలో తొంగిచూసేవాడికి చరిత్ర వద్దు, చరిత్ర కోసం వచ్చినవాడికి తాళంచెవి ఎక్కడుందో అక్కర్లేదు.

అసలు చిక్కు కాలంతోనే

నేల కదలదు, రాజులు మారతారు. ఆటల లోకాల్లో నేల కూడా కదులుతుంది! సీమల పేజీలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే.

ఫర్గాటెన్ రెల్మ్స్‌లో నడిచే ‘బాల్డర్స్ గేట్’ కంప్యూటర్ ఆటల్లో మొదటిది 1998లో వచ్చింది, దాని కథ ఆ లోకపు లెక్కలో 1368వ సంవత్సరంలో నడుస్తుంది. 2023లో వచ్చిన మూడో ఆట కథ 1492లో. బాల్డర్స్ గేట్ నగరం ఒకటే, మధ్యలో 124 ఏళ్ళు. పైగా 2008లో బల్ల ఆట నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు ఆ లోకపు కాలాన్ని సుమారు నూరేళ్ళు ముందుకు జరిపి, సీమలకు సీమలనే మార్చేశారు. మరి నగరం పేజీలో జనాభా ఎంతని రాయాలి? పాలకుడెవరని రాయాలి?

ఫర్గాటెన్ రెల్మ్స్ వికీని నడిపే అభిమానులు దీనికి ఒక నియమం పెట్టుకున్నారు. వ్యాసాలన్నీ భూతకాలంలోనే రాయాలి. నగరం ‘ఉంది’ అనరు, ‘ఉండేది’ అంటారు. మీరు ఏ ఏడాదిలో ఆడుతున్నా ఆ వాక్యం తప్పు కాదు. జనాభా గడి పక్కనే ఏడాది గడి. ప్రతి మాటకూ ఏ పుస్తకం, ఎన్నో పేజీ అని ఆధారం. మొదట్లో చదువుతుంటే బతికున్న ఊరికి సంతాపం రాసినట్టు అనిపిస్తుంది గానీ, ఇంతకన్నా నిజాయితీగల ఏర్పాటు నాకు కనబడలేదు. మన ఊళ్ళ గురించి వచ్చే పుస్తకాల్లో, వెబ్‌సైట్లలో జనాభా అంకె ఏ లెక్కల నాటిదో చెప్పకుండా వదిలేయడం ఎంత మామూలో చూస్తూనే ఉన్నాం. లేని ఊరికి పాటించే శ్రద్ధ ఉన్న ఊరికి పాటించకపోతే ఎలా?

‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’లో చిక్కు మరోలా వచ్చింది. 2004లో మొదలైన ఆ ఆటకు 2010 డిసెంబరులో ‘కాటక్లిజం’ అనే భాగం వచ్చింది. ఒక మహా డ్రాగన్ లేచి లోకాన్ని చీల్చిందన్నది కథ. కథలోనే కాదు, ఆటలోని పాత సీమలను నిజంగానే తిరగగీశారు. బారెన్స్ అనే విశాలమైన సీమ ఉత్తరం, దక్షిణం అని రెండుగా చీలిపోయింది. ఆరేళ్ళుగా అభిమానులు పోగుచేసిన వివరాలు రాత్రికి రాత్రి చరిత్రగా మారాయి. 2019లో పాత ఆటను ‘క్లాసిక్’ పేరుతో మళ్ళీ తెచ్చారు. దాంతో చరిత్రగా పక్కకు జరిపిన పేజీలతో లక్షలమందికి మళ్ళీ పని పడింది. పాతవి చెరిపేయకుండా దాచినవాళ్ళ పుణ్యమే అది.

ఇంకో దెబ్బ 2018 జనవరిలో పడింది. అంతవరకు చాలా సీమలకు ఫలానా స్థాయి ఆటగాళ్ళకు అని ఒక లెక్క ఉండేది. ఆటగాడి స్థాయినిబట్టి సీమ కూడా సర్దుకునేలా నియమం మార్చారు. ఒక్క మార్పుతో ఆ సీమల పేజీలన్నిటిలో ఒక గడికి అర్థం మారిపోయింది. గడులు ఎంచుకునేటప్పుడే ఆలోచించాలి: ఇది నేల గుణమా, లేక ఈ ఏడాది ఆట నియమమా?

ఇదే ఆటలో జిడోర్మి అనే పాత్ర ఉంది. మారిపోయిన కొన్ని సీమల అంచున నిలబడి ఉంటుంది. ఆమెతో మాట్లాడితే ఆ సీమను మార్పుకు ముందున్న రూపంలో చూపిస్తుంది. మళ్ళీ అడిగితే ఇప్పటి కాలానికి తెస్తుంది. పాత ప్రతులను దాచి చూపించే పనికి ఒక మనిషి రూపం ఇచ్చారన్నమాట. ఎవరికి తట్టిన ఆలోచనో గాని, అద్భుతం.

ఒకే ఏడాదిలో ఆగిపోయిన దీవి

కాలం చిక్కును మొత్తంగా కోసిపారేసిన లోకం ఒకటుంది. రాబిన్ క్రాస్‌బీ సృష్టించగా కొలంబియా గేమ్స్ 1983లో వెలువరించిన ‘హార్న్’ దీవి అది. అచ్చయ్యే ప్రతి వ్యాసమూ అక్కడి లెక్కలో 720వ సంవత్సరం ఆరంభం నాటి పరిస్థితినే చెప్పాలి. ఆ తర్వాత ఏం జరుగుతుందో ప్రచురణకర్తలు ఎప్పటికీ చెప్పరు. ముసలి రాజు చావుకు దగ్గరలో ఉంటాడు, వారసత్వం తేలదు. తేల్చాల్సింది మీ బల్ల దగ్గర మీరు. అందుకే దశాబ్దాల కిందటి వ్యాసం ఇవాళ్టి వ్యాసం పక్కన పెట్టినా కాలం దగ్గర తగువు రాదు. వ్యాసాలను చిల్లులు పొడిచిన విడి కాగితాలుగా అమ్మారు. కొత్తది కొనుక్కుని ఫైలులో సరైన చోట దూర్చుకోవడమే.

నిజమైన భూగోళ శాస్త్రవేత్త చేయి పడితే

కరెన్ విన్ ఫాన్‌స్టాడ్ భూగోళశాస్త్రం చదివి, మ్యాపుల విద్యలో శిక్షణ పొందిన అమెరికన్. 1981లో టోల్కీన్ లోకానికి ఆమె గీసిన అట్లాసులో నేలతీరు, వాతావరణం, చెట్టుచేమ, జనాభా, భాషలు — దేనికదే మ్యాపు. ఏ రోజు కథలోని ప్రయాణికులు ఎంత దూరం నడిచారో కూడా లెక్కగట్టారు. 1987లో ‘డ్రాగన్‌లాన్స్’ లోకానికి, 1990లో ఫర్గాటెన్ రెల్మ్స్‌కు ఆమే అట్లాసులు గీశారు. కథల్లో చెదురుమదురుగా ఉన్న మాటలను ఏరి, నది ఎటు పారాలో, కొండకు ఏ పక్క వాన కురవాలో సరిచూసుకుని గీసిన పని అది. అన్నీ ఒకే మ్యాపులో కుక్కకూడదన్న ఆమె క్రమశిక్షణ నేర్చుకోవలసింది.

మీ లోకం మీ ఇష్టం

గ్రెగ్ స్టాఫర్డ్ 1966లో ఊహించడం మొదలుపెట్టిన ‘గ్లోరాంథా’ మీద 2014లో రెండు పెద్ద సంపుటాల గైడు వచ్చింది. సీమ సీమకూ వివరాలున్నాయి. అయినా ఆ లోకపు ఆటగాళ్ళు మొదటి నుంచీ పాటించే మాట, ఎవరి గ్లోరాంథా వారిదేనని. పుస్తకం చెప్పింది మీ బల్ల దగ్గర మారొచ్చు, అది తప్పు కాదు.

తన గెజిటీరు తానే రాసుకునే ఆట

2006లో తొలిసారి విడుదలైన ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’ను టార్న్, జాక్ ఆడమ్స్ అనే అన్నదమ్ములు తయారుచేశారు. మీరు ఆడటం మొదలుపెట్టకముందే ఆట ఒక లోకాన్ని, దానికి వందల ఏళ్ళ చరిత్రను పుట్టిస్తుంది. ‘లెజెండ్స్’ అనే విభాగంలోకి వెళితే సీమలు, ఊళ్ళు, వ్యక్తులు, యుద్ధాలు అన్నిటి జాబితా ఉంటుంది. ఒక కొండ పేరు పట్టుకుంటే అక్కడ ఏ ఏడాది ఎవరు ఎవర్ని చంపారో దాకా వెళ్ళొచ్చు. ప్రతి సంఘటనకూ ఏడాది ఉంటుంది, చోటు ఉంటుంది, మనుషులుంటారు. ఆ మూడూ విడివిడిగా భద్రపరిచి ఉన్నందువల్లే అభిమానులు దాన్ని బయటికి తీసి, చదువుకోవడానికి వీలైన వేరే ప్రోగ్రాములు రాసుకోగలిగారు.

మీరూ ఒక లోకం రాస్తుంటే

ఇప్పుడు పనిముట్లకు కొదవలేదు. 2017లో వచ్చిన ‘వరల్డ్ ఆన్విల్’ వెబ్‌సైట్ ఇలాంటి లోకాలు రాసుకోవడానికే ఉంది. ‘అజ్‌గార్’ మ్యాపుల యంత్రం ఉచితంగా ఖండాలను గీసిస్తుంది. ఒక నోటుపుస్తకమైనా సరిపోతుంది. తెలుగులో రాసుకుంటున్న పిల్లలు, పెద్దలు ఉంటే వారికి నా మనవి ఒక్కటే. సీమకు ముప్ఫై గడులు పెట్టి ఖాళీగా వదిలేయకండి. బల్ల దగ్గర అడిగే ప్రశ్నలకు సరిపడా అయిదారు గడులు పెట్టుకోండి: ఏలేదెవరు, బతుకుతెరువు ఏమిటి, ఎవరితో పగ, అక్కడికి చేరే దారి ఏది, బయటివాడికి తెలియనిది ఏమిటి. ప్రతి గడి పక్కనా ఇది ఏ ఏడాది మాట, ఎవరు చెప్పిన మాట అని రాయండి. పాతది మారితే కొట్టేయకుండా కింద ఉంచండి. ఈ వారం మీ లోకంలో ఒక్క సీమతో మొదలుపెట్టి చూడండి.